శుక్రవారం బ్యాంకు

మా బడిలో బ్యాంకు పెట్టమని 1991లో జిల్లా కేంద్రం నుంచి కాగితం వచ్చింది. దాని పేరు సంచయిక. పిల్లలే సభ్యులు, పిల్లలే గుమాస్తాలు, పిల్లలే క్యాషియర్లు. ఒక టీచరు పైన కనిపెట్టుకుని ఉంటే చాలు. వసూలైన చిల్లరంతా పోస్టాఫీసులో సంచయిక పేరున ఉన్న ఖాతాలో జమ చెయ్యాలి. ఆ పని ఎవరికి అప్పజెప్పాలా అని స్టాఫ్ రూములో ఎవరూ ఆలోచించలేదు. లెక్కలు చెప్పేది నేనే కదా.

కావలికి పడమటగా, కలిగిరి వైపు మెట్ట ఊళ్ళలో ఒకటి మాది. చెరువు నిండిన ఏడు వరి, లేకపోతే పొగాకు, వేరుశెనగ, జొన్న. పిల్లల చేతికి డబ్బు రాదని ఊరివాళ్ళనుకునేవాళ్ళు గానీ, వచ్చే దారులు వాళ్ళకుండేవి. వేసవిలో పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు గుచ్చితే కర్రకింతని కూలి. చెనక్కాయ పీకేసిన చేలో పరిగె ఏరుకుని అంగట్లో వేస్తే కాస్త చిల్లర. తిరునాళ్ళకి మేనమామ చేతిలో పెట్టే రూపాయి. ఆ డబ్బంతా ఐసు బండికీ, జీళ్ళకీ, పుల్లటి మామిడి ముక్కలకీ పోయేది. పోకపోతే ఇంట్లో ఎవరో ఒకరు 'నేను దాస్తాలే' అని తీసుకునేవాళ్ళు. అలా దాచిన డబ్బు మళ్ళీ పిల్లల కంటపడిందని నేను ఎక్కడా వినలేదు.

ఆ కాగితం వెనక సర్కారు లెక్క వేరే ఉంది. పోస్టాఫీసు చిన్న మొత్తాల పొదుపులో నికరంగా వసూలైన దాంట్లో ముప్పాతిక వంతు ఆ రోజుల్లో రాష్ట్రానికే అప్పుగా తిరిగొచ్చేది. అందుకని కలెక్టరు మొదలు ఎమ్మార్వో దాకా అందరికీ టార్గెట్లు, అవి కిందికి దిగి దిగి బళ్ళ మీద పడేవి. సెప్టెంబరు 15 సంచయిక దినం వస్తోందంటే చాలా బళ్ళలో రిజిస్టర్లు ఆ ముందు రాత్రే నిండేవి. టీచరు తన జేబులోంచి కాస్త వేసి, పిల్లల పేర్లు నలభై రాసి, సంతకాలు పెట్టించి పంపేస్తే అయిపోయేది. మా దగ్గరా అంతేననుకున్నారు అందరూ.

నేను మాత్రం రోజూ చక్రవడ్డీ లెక్కలు నల్లబల్ల మీద చేసి చేసి విసిగి ఉన్నాను. రామయ్య సోమయ్యకు వెయ్యి రూపాయలు ఇచ్చెను అంటే పిల్లలకి రామయ్యా తెలీదు, వెయ్యీ తెలీదు. ఇక్కడ అసలు డబ్బు, అసలు పుస్తకం దొరికాయి. శుక్రవారం ఆఖరి పీరియడు తర్వాత వరండాలో బల్ల వేయించాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె లెక్కలు రాసేది. తొమ్మిదో తరగతి అమ్మాయి డబ్బా దగ్గర కూర్చునేది. మగపిల్లాడొకడు పాసుపుస్తకాలు పేర్ల వరసన పేర్చి అందించేవాడు. పావలా నుంచి ఎంతైనా వెయ్యొచ్చు.

మొదట్లో అందరూ వేసేవాళ్ళే, తీసేవాళ్ళు లేరు. తర్వాత ఏడో తరగతి పిల్లాడొకడు వచ్చి, "టీచర్, నా డబ్బులు మొత్తం ఇచ్చేయండి. కావలికి సినిమాకి పోవాల" అన్నాడు. పదకొండు రూపాయల చిల్లర ఉంది వాడి పుస్తకంలో. హెడ్మాస్టరు గారు పక్కనే ఉన్నారు. "దాచుకోడానికి పెట్టాంరా ఇది, సినిమాలకి కాదు. పో!" అని కసిరారు. వాడు కదల్లేదు. "నా డబ్బులే గదా సార్" అన్నాడు మెల్లిగా. వరండాలో ఉన్న పిల్లలంతా మా ముగ్గురినీ చూస్తున్నారు.

హెడ్మాస్టరు గారిని పక్కకి పిలిచాను. "సార్, ఇవాళ వీడికి ఇవ్వకపోతే వచ్చే శుక్రవారం ఒక్కరు కూడా పావలా వెయ్యరు. వేసింది తిరిగొస్తుందో రాదో చూడ్డానికి అందరూ కలిసి వీణ్ణి ముందు తోశారు" అన్నాను. నిజంగా తోశారో లేదో నాకు తెలీదు గానీ, ఆ చూపులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆయన ఒప్పుకోలేదు. పొదుపు నేర్పుతామని పెట్టి ఖర్చు నేర్పుతామా అని ఆయన పట్టు.

చిక్కు విడదీసింది మా బడి ఆయా. గదులు ఊడుస్తూ అంతా వింటోంది. "శుక్రవారం పూట లక్ష్మిని బయటికి పంపుతారా అమ్మా ఎవురన్నా? ఇయ్యాల ఇయ్యబాకండి, సోమారం ఇయ్యండి" అంది. హెడ్మాస్టరు గారికి ఆ మాట నచ్చింది. ఆయన నమ్మకం ఆయనకుంది, నా అవసరం నాకుంది. అక్కడికక్కడే రూలు తయారైంది. వెయ్యడం శుక్రవారం. తీసుకోవాలంటే శుక్రవారం చీటీ రాసివ్వాలి, డబ్బు సోమవారం ఇస్తాం. ఎందుకో చీటీలో ఒక్క ముక్క రాయాలి. ఆ కారణం మంచిదా చెడ్డదా అని మాత్రం మేం అడగం.

సోమవారం పొద్దున్నే వాడు వచ్చాడు, లెక్కబెట్టుకుని తీసుకున్నాడు, సినిమాకి పోయాడు. ఆ వచ్చే శుక్రవారం వరస వరండా దాటి వేపచెట్టు దాకా నిలబడింది. అందులో వాడూ ఉన్నాడు, అర్ధరూపాయితో.

ఆయా పెట్టించిన రూలు ఇంకో మేలు కూడా చేసింది. శుక్రవారం చీటీ రాసిన వాళ్ళలో కొందరు సోమవారం రానేరారు. ఐసు బండి శుక్రవారం మా బడి ముందుంటుంది, సోమవారానికి ఇంకో ఊళ్ళో ఉంటుంది. మధ్యలో రెండు రోజులు గడిచేసరికి, ఆ చీటీ రాసింది తనేనా అన్నట్టు చూసేవాళ్ళు కొందరు. "చించెయ్ టీచర్" అనేవాళ్ళు. పిల్లలకి ఆశ చంపుకోమని చెప్పక్కర్లేదనీ, కొంచెం ఆలస్యం చేస్తే చాలుననీ నాకు అక్కడే తెలిసింది.

రెండో మార్పు లెక్కలు రాసే అమ్మాయి తెచ్చింది. ఒకరోజు చూస్తే ఆమె సొంత పాసుపుస్తకంలో పేజీ మధ్యన ఎర్ర బాల్ పెన్నుతో నిలువు గీత ఉంది. ఎడమ వైపు 'తిరునాళ్ళ' అని, కుడి వైపు 'పది' అని రాసుకుంది. ఇదేంటమ్మా అంటే, "ఒకే చోటుంటే తిరునాళ్ళకి పోయినప్పుడు అంతా అయిపోద్ది టీచర్. గాజులు కొనేటప్పుడు పరీక్ష ఫీజు గుర్తుండదు గదా" అంది. తిరునాళ్ళంటే బిట్రగుంట కొండ మీద వెంకటేశ్వరస్వామి తిరునాళ్ళ. పది అంటే పదో తరగతి. ఆమె అప్పటికి ఎనిమిదిలో ఉంది.

ఆ గీత అందరి పుస్తకాల్లోకీ వచ్చింది. వేసే ప్రతి పావలా ఏ వైపుకో వేసినవాళ్ళే చెప్పాలి. కుడి వైపు వేసిన దాన్ని ఎడమ వైపుకి మార్చాలంటే మళ్ళీ చీటీ, మళ్ళీ సోమవారం. ఇక నా లెక్కల క్లాసుకి లోటేముంది. కాంపాస్ బాక్సు ఖరీదు ఇంత, వారానికి వెయ్యగలిగింది ఇంత, ఎన్ని శుక్రవారాలు? ఏకవస్తు మార్గం అన్న పాఠం ఆ ఏడు నేను విడిగా చెప్పనే లేదు.

కానీ కుడి వైపు గడి చాలామందికి ఖాళీగానే ఉండేది. నేను బలవంతపెట్టలేదు. ఆరో తరగతి పిల్లాడికి సంక్రాంతి తర్వాత కాలమంటూ ఒకటుందని చెప్పినా ఎక్కదు. వాడికి అయిదేళ్ళంటే సగం జీవితం. అలాంటివాడికి నెలన్నరలో తీరే కోరిక ఒకటి తీరనిస్తే, తర్వాత మూడు నెలల కోరిక పెట్టుకుంటాడు. ఆ మూడు నెలలూ దాటినవాడు ఏడాది దాకా ఆగగలడు. తొమ్మిదికి వచ్చేసరికి కుడి గడులు వాటంతటవే నిండాయి. పరీక్ష ఫీజు, హాస్టలుకి ట్రంకు పెట్టె, ఒక పిల్లాడికి పాత సైకిలు. 1992లో ప్రపంచ కప్పు క్రికెట్టు రేడియోలో వింటూ ఎనిమిది మంది మగపిల్లలు కలిసి బ్యాటు కోసం ఒకే పుస్తకం తెరిచారు. బ్యాటు కొన్నారు, అది రాత్రిళ్ళు ఎవరింట్లో ఉండాలన్న దగ్గర కొట్టుకున్నారు. ఉమ్మడి పొదుపు గురించి అంతకు మించి పాఠం చెప్పలేను.

అదే ఏడు జరిగిందొకటి చెప్పాలి. మా ఊళ్ళో సారా అంగడి బడికి పెద్ద దూరం కాదు. సాయంత్రానికి మగవాళ్ళ కూలి సగం అక్కడికే పోయేది. ఒక శుక్రవారం వరండాలో బల్ల దగ్గరికి ఒకాయన తూలుతూ వచ్చాడు. "మావాడి డబ్బులున్నాయంట గదా ఈడ. తియ్యండి" అన్నాడు. కొడుకు ఆరో తరగతి, స్తంభం పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. నేను లేవబోతుంటే డబ్బా దగ్గరున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ముందే మాట్లాడింది. "మామా, పుస్తకం ఆ పిల్లోడి పేరున ఉండాది. ఆడు చీటీ రాయాల, సోమారం ఇస్తాం. నువ్వు రాస్తే చెల్లదు" అంది. ఆయన కేకలేశాడు. నా కొడుకు డబ్బు నాది కాదంటానికి నువ్వెవరు అన్నాడు. ఆ అమ్మాయి డబ్బా మూత పెట్టి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, "మా అయ్య వచ్చినా ఇంతే మామా" అంది. వాళ్ళ నాన్న కూడా ఆ అంగడి దగ్గరే ఉంటాడని ఊరందరికీ తెలుసు. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

సారా మీద ఆడవాళ్ళు తిరగబడ్డ దూబగుంట మాకు దూరం కాదు. పెద్దవాళ్ళకి చదువు నేర్పే అక్షరదీపం రాత్రి బళ్ళలో అమ్మలు మా తరగతి గదుల్లోనే, పిల్లల బెంచీల మీదే కూర్చుని చదువుకునేవాళ్ళు. దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన కథ వాళ్ళ వాచకంలోకే పాఠంగా వచ్చింది. 1992 ముగిసేలోపు నెల్లూరులో సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆపేశారు. ఆ వెనకే మా జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. రోజుకో రూపాయి, నెలకి ముప్పై. సారాకి పోయే రూపాయి ఇటు రావాలన్నది లెక్క.

సంఘాలైతే పెట్టారు, పుస్తకాలు రాసేదెవరు? అక్షరాలు నేర్చుకున్నా ఖాతా రాసే ధైర్యం అమ్మలకి అప్పటికింకా లేదు. శుక్రవారం బ్యాంకులో చెయ్యి తిరిగిన అమ్మాయిలు మా ఊళ్ళో నాలుగు సంఘాలకి లెక్కలు రాసిపెట్టారు. కూతురు పుస్తకం చదివి వినిపిస్తుంటే తల్లి రూపాయలు లెక్కబెట్టేది. ఒకసారి మీటింగులో ఒకామె నెల బాకీ పడితే, లెక్క రాసే పిల్ల తన సొంత అమ్మ అని కూడా చూడకుండా పేరు చదివింది. అమ్మలంతా నవ్వారు. మరుసటి వారం బాకీ కట్టేసింది. పెద్దవాళ్ళు పిల్లలకి పొదుపు నేర్పాలంటారు గానీ, మా ఊళ్ళో ఎవరు ఎవరికి నేర్పారో తేల్చడం కష్టం.

పోస్టుమాస్టరు గారు ఒకసారి బడికొచ్చి ఇందిరా వికాస పత్రాల గురించి చెప్పారు. 1986లో మొదలైనవి అవి. ఇవాళ వంద పెడితే అయిదేళ్ళకి రెండొందలు. ఆరో తరగతిలో కొంటే పది దాటాక చేతికొస్తాయి. పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు లేచి, "రెండు రూపాయల బియ్యం మూడున్నరయింది గదా సార్, మరి వంద రెండొందలయితే లాభమెంత?" అని అడిగాడు. పోస్టుమాస్టరు గారు నావైపు చూశారు. నేను సుద్దముక్క వాడికే ఇచ్చాను. 1983 నుంచి చౌకడిపోలో కిలో రెండు రూపాయలున్న బియ్యాన్ని 1992లో మూడున్నర చేశారు. అప్పుడు వంద రూపాయలకి యాభై కిలోలు. ఇప్పుడు రెండొందలకి యాభై ఏడు. "ఏడు కిలోలు సార్, అంతే" అని వాడు కూర్చున్నాడు. ద్రవ్యోల్బణం అన్న మాట ఆ తరగతిలో ఎవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. 1994 చివర్లో ఎన్టీఆర్ మళ్ళీ వచ్చి బియ్యం రెండు రూపాయలకి తెచ్చినప్పుడు వాడే ఇంటర్ కాలేజీ నుంచి వచ్చి, "టీచర్, ఇప్పుడు వంద కిలోలు!" అని నవ్వాడు. అంగట్లో అమ్మే బియ్యం ధర మాత్రం వెనక్కి రాలేదని కూడా వాడే చెప్పాడు.

ఆ పత్రాలకి ఇంకో గుణముంది. వాటి మీద పేరుండదు. చేతిలో ఎవరికుంటే వాళ్ళవే, పోతే పోయినట్టే. పోస్టుమాస్టరు గారు అది కూడా దాచకుండా చెప్పారు. దాంతో ఒక తల్లి నా దగ్గరికొచ్చి, "పేరు లేని కాయితం మా ఇంట్లో నిలవదు టీచరమ్మా. పిల్ల పేరు రాసే కాయితం ఏదన్నా ఉందా?" అని అడిగింది. ఆమె వేలిముద్ర మాని సంతకం పెట్టడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. పేరుండే కిసాన్ వికాస పత్రం అప్పటికే వచ్చింది. కూతురి పేరున ఆమె అదే తీసుకుంది. రెండింతలు కావడానికి అయిదున్నరేళ్ళు. ఆర్నెల్లు ఎక్కువైనా ఫరవాలేదంది.

నేను 1996లో బదిలీ అయ్యాక మా బ్యాంకు ఎన్నాళ్ళో నడవలేదు. పక్క మండలంలోనైతే ఒక బడిలో సంచయిక డబ్బు సొంతానికి వాడుకున్న టీచరు ఉన్నాడు. పిల్లలకి ఆ డబ్బు తోటి టీచర్లు చందాలు వేసుకుని కట్టారు. విషయం బయటికి పొక్కకుండా చూశారు గానీ, ఆ ఊరి పిల్లలకి తెలియకుండా ఉంటుందా.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఎర్ర గీత గీసిన అమ్మాయి సంగతి. పది పాసైంది, ఫీజు పోగా కుడి గడిలో మిగిలిన డబ్బుకి పొగాకు కూలి కూడా కలిపి పై చదువుకని ఉంచుకుంది. వాళ్ళ నాన్న దాన్ని పట్నంలో ఒక ఫైనాన్స్ కంపెనీలో వేశాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి ముప్పై ఆరు. ఆ రోజుల్లో అలాంటి బోర్డులు వీధికొకటి. ఆశపడి వేశాడే గానీ ఆయన చెడ్డవాడు కాదు. 1997లో ఒక పొద్దున తాళం కనిపించింది. ఆ ఏడే చట్టం మార్చారు, 1998 జనవరిలో అలాంటి కంపెనీల డిపాజిట్ల మీద రిజర్వు బ్యాంకు గట్టి నిబంధనలు పెట్టింది. మా వాళ్ళకి అవి ఆలస్యంగా వచ్చినట్టే. ఆ అమ్మాయి నాతో ఒకటే అంది. "ఎంత వస్తాదో అడిగాడు టీచర్ మా నాయన, ఎట్టా వస్తాదో అడగలా." పోస్టాఫీసు అప్పుడు రెండింతలు చెయ్యడానికి అయిదేళ్ళకి పైన తీసుకుంటుంటే ఈ కంపెనీ మూడేళ్ళలోపే ఎలా చేస్తుందో లెక్క కట్టడం ఆమెకి వచ్చు. ఆ లెక్క కట్టమని ఇంట్లో ఎవరూ అడగలేదు. చదువు ఆగలేదు, పొదుపు సంఘం అప్పిచ్చింది. కానీ ఆ డబ్బు పోవడం పోవడమే.

ఇప్పుడు పద్ధతులకి కొదవ లేదు. ఆడపిల్లకి పదేళ్ళలోపు తెరిచే సుకన్య సమృద్ధి ఖాతా 2015 నుంచి ఉంది. పదిహేనేళ్ళు కట్టాలి, ఖాతా తెరిచిన నాటి నుంచి ఇరవై ఒక్కేళ్ళకి ముగుస్తుంది. మంచి ఖాతాయే. కానీ అది తల్లిదండ్రుల పొదుపు, పిల్లది కాదు. పిల్ల పేరున్న పుస్తకం బీరువాలో ఉంటుంది, పిల్ల దాన్ని పెళ్ళి నాటికో కాలేజీ నాటికో చూస్తుంది. మా మనవలకి పుట్టినరోజు డబ్బు ఫోన్లోకి వస్తుంది, ఫోన్లోంచే పోతుంది. పావలా చేతిలో ఉన్నంతసేపూ పిల్లాడు దాన్ని తిప్పి తిప్పి చూసుకునేవాడు. తెర మీది అంకెతో ఆ పరిచయం కుదరడం లేదు. ఇది నా వయసు మాట్లాడించే మాట కావచ్చు.

పదేళ్ళు నిండిన పిల్లలు పోస్టాఫీసులో సొంతంగా ఖాతా నడుపుకోవచ్చన్నది కొత్త సంగతి కాదు. బ్యాంకుల్లోనూ పదేళ్ళు దాటినవాళ్ళు, బ్యాంకు పెట్టుకున్న పరిమితికి లోబడి, తామే ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టంగా చెప్పి, జులై 1 లోగా అందరూ అమలు చెయ్యాలంది. మీ ఇంట్లో అంత వయసున్న పిల్లలుంటే పోస్టాఫీసుకి తీసుకెళ్ళండి. తెరవడానికి అయిదొందలు కావాలి, అవి మీరివ్వండి. ఫారం మాత్రం వాళ్ళనే నింపనివ్వండి. పాసుపుస్తకం వాళ్ళ బడిసంచిలోనే ఉంచండి. వాళ్ళు మొదటిసారి డబ్బు తీస్తామన్నప్పుడు ఎందుకని అడగండి గానీ, వద్దనకండి.